మూసీ గట్టున రెండు ప్రశ్నలు

చార్మినార్ నుంచి పత్తర్‌గట్టీ, మదీనా మీదుగా వచ్చి నయాపూల్ దాటితే ఎడమ పక్కన గుమ్మటాలతో ఒక పాత భవనం కనిపిస్తుంది. అది ఉస్మానియా ఆస్పత్రి. ఏటికి ఆ ఒడ్డున హైకోర్టు, ఈ ఒడ్డున ఆస్పత్రి. పాతబస్తీలో పుట్టి పెరిగినవాళ్ళలో ఆ గడప తొక్కనివారు అరుదు. కాన్పుకో, కాలు విరిగితేనో, అయినవాళ్ళ పక్కన రాత్రంతా కూర్చోవడానికో ఎప్పుడో ఒకప్పుడు అక్కడికి వెళ్ళే ఉంటారు. ఆ చోటికి ఇంకో చరిత్ర కూడా ఉంది. మెదడు ఒంటితో ఎలా మాట్లాడుతుంది, ఒళ్ళు మెదడుకు తన సంగతి ఎలా చెప్పుకుంటుంది అన్న రెండు పెద్ద ప్రశ్నలకు ఈ మూసీ గట్టునే జవాబు వెతికారు. మొదటిదాన్ని 1880లలో వెతికారు, రెండోదాన్ని 1960 ప్రాంతంలో. మొదటి కథ వైద్యచరిత్ర పుస్తకాల్లోకి ఎక్కింది. రెండోది మనం దాదాపు మరచిపోయాం. నాకు రెండోదే ముఖ్యం. అయినా మొదటిదాన్ని చెప్పకుండా దాని దగ్గరికి వెళ్ళలేను.

ఇప్పుడున్న భవనం కంటే ముందు అక్కడ అఫ్జల్‌గంజ్ ఆస్పత్రి ఉండేది. 1908 సెప్టెంబరులో మూసీ పొంగినప్పుడు అది కొట్టుకుపోయింది. ఆ ఆవరణలోని చింతచెట్టు ఎక్కి నూట యాభై మంది దాకా బతికి బయటపడ్డారని నగరమంతా ఇప్పటికీ చెప్పుకుంటుంది. ఆ పాత ఆస్పత్రి రోజుల్లో ఎడ్వర్డ్ లారీ అనే సర్జను ఇక్కడ రెసిడెన్సీ వైద్యుడు, హైదరాబాద్ వైద్య పాఠశాలకు పెద్ద. ఆ కాలంలో ఆపరేషన్ అంటే క్లోరోఫారమే. చేతిగుడ్డ మీద నాలుగు చుక్కలు వేసి ముక్కు దగ్గర పెడితే రోగికి స్పృహ తప్పేది. వేలమందికి ఏ ఇబ్బందీ ఉండేది కాదు. ఎప్పుడో ఒకప్పుడు మాత్రం ఆరోగ్యంగా ఉన్న మనిషే, చిన్న ఆపరేషన్‌కే, బల్ల మీద చనిపోయేవాడు. ఎందుకు చనిపోయాడు? గుండె ఆగిందా, ఊపిరి ఆగిందా?

లండన్ వైద్యుల్లో చాలామంది గుండె అనేవారు, నాడి పట్టుకుని చూస్తూ ఉండమనేవారు. లారీ ఎడిన్‌బరోలో జేమ్స్ సైమ్ అనే సర్జను దగ్గర చదువుకున్నవాడు. మెదడులో శ్వాసను నడిపే కేంద్రం మీద మత్తు ఎక్కువైతే ఊపిరి ముందు ఆగుతుంది, గుండె ఆ తర్వాతే ఆగుతుంది, అందుచేత నాడిని వదిలెయ్యండి, ఊపిరి మీదే కన్నెయ్యండి అని ఆయన వాదం. 1888లో ఆయన ఇక్కడే ఒక విచారణ సంఘం పెట్టి కుక్కల మీద ప్రయోగాలు చేయించాడు. లండన్‌లోని లాన్సెట్ పత్రిక దాన్ని నమ్మలేదు. అప్పుడు ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా, మీ మనిషినే పంపండి, ఖర్చు మేం పెట్టుకుంటాం అని వెయ్యి పౌన్లు ఇచ్చాడు. 1889లో లాన్సెట్ తరఫున థామస్ లాడర్ బ్రంటన్ అనే పేరున్న మందుల శాస్త్రవేత్త ఓడెక్కి హైదరాబాదుకు వచ్చాడు. గుండెకే ప్రమాదమని నమ్మి వచ్చిన మనిషి. కుక్కల మీద, కోతుల మీద వరసగా ప్రయోగాలు చేశారు. మెదడు నుంచి గుండెకూ పొట్టకూ దిగే వేగస్ అనే పెద్ద నాడిని ప్రేరేపించి, గుండెను నెమ్మది చేసి, రక్తపోటు గీతలు గీసి చూశారు. చివరికి బ్రంటనే మనసు మార్చుకున్నాడు. లారీ చెప్పిందే నిజమని రెండో సంఘం కూడా తేల్చింది. హైదరాబాద్ క్లోరోఫారం కమిషన్ నివేదిక 1890లో లాన్సెట్‌లో అచ్చయి ప్రపంచమంతా తిరిగింది. ఆ ప్రయోగాలకు బలైన జంతువుల సంఖ్య తల్చుకుంటే ఇవాళ మనసు కలుక్కుమంటుంది. అదీ చెప్పుకోవాలి. ఈ వైద్య పాఠశాలలోనే చదివిన రూపాబాయి ఫర్దూన్‌జీని ప్రపంచంలోని తొలి మహిళా మత్తువైద్యుల్లో ఒకరిగా లెక్కిస్తారు. ఆమె పేరు మన పిల్లల పాఠ్యపుస్తకాల్లో ఉండాలని నా కోరిక.

సంఘం తేల్చింది సగం నిజమే. ఊపిరిని గమనించమన్న మాట బంగారం లాంటిది. కానీ గుండె ముందుగా ఆగదన్న మాట నిలబడలేదు. 1911లో ఇంగ్లండులో గుడ్‌మన్ లెవీ అనే వైద్యుడు పిల్లుల మీద ఒక సంగతి చూపించాడు. క్లోరోఫారం తక్కువగా ఇచ్చి, మత్తు పూర్తిగా ఎక్కకముందు అడ్రినలిన్ ఎక్కిస్తే, గుండె కొట్టుకోవడం మాని పురుగుల బుట్టలా గిలగిలలాడి ఆగిపోతుంది. అడ్రినలిన్ భయపడినప్పుడు మన మూత్రపిండాల మీదుండే గ్రంథుల నుంచి రక్తంలోకి దూకే రసాయనం. ఆపరేషన్ బల్ల మీద చిన్న కోతకే చనిపోయినవాళ్ళలో చాలామంది సగం మత్తులో, పూర్తి భయంలో ఉన్నవాళ్ళన్నమాట. భయం పుట్టింది మెదడులో. దెబ్బ తగిలింది గుండెకు. మధ్యలో కబురు మోసింది రక్తంలోని ఒక రసాయనం.

లారీకీ బ్రంటన్‌కూ ఇది తట్టకపోవడం వాళ్ళ తప్పు కాదు. 1889 నాటికి మెదడుకూ ఒంటికీ మధ్య దారి అంటే నరమే. అడ్రినలిన్‌ను శుద్ధంగా వేరుచేసింది జోకిచి తకమినే, 1901 నాటికి. 1902లో లండన్‌లో బేలిస్, స్టార్లింగ్ అనే ఇద్దరు చిన్నపేగుకు పోయే నరాలన్నీ కోసేసి, అందులో ఆమ్లం పోసి చూశారు. నరం లేకపోయినా క్లోమం రసం ఊరింది. పేగు గోడ నుంచి ఏదో పదార్థం రక్తంలో కలిసి వెళ్ళి క్లోమానికి కబురు చెప్పింది. దానికి సెక్రిటిన్ అని పేరు పెట్టారు. అలాంటి పదార్థాలన్నిటికీ హార్మోన్లని 1905లో స్టార్లింగ్ పేరు పెట్టాడు. కబుర్లు నరాల మీదే కాదు, రక్తంలో కూడా నడుస్తాయని అప్పటికి అందరికీ అర్థమైంది. ఇవాళ రసాయన జీవశాస్త్రం అని మనం పిలిచే విద్యకు ఇదొక మూలం. ఒక రసాయనం ఎక్కడ పుడుతుంది, ఏ దారిన పోతుంది, ఎక్కడ దిగుతుంది, దిగిన చోట ఏం మారుస్తుంది అని వెంటబడి చూడడమే ఈ విద్య.

ఇక రెండో ప్రశ్న. ఇది ఒంటి నుంచి మెదడుకు వెళ్ళే కబురు.

కూనూరు కొండల్లో బ్రిటిషువాళ్ళ కాలంలో మొదలైన పోషకాహార ప్రయోగశాల 1958లో హైదరాబాదుకు తరలి వచ్చి తార్నాక దగ్గర స్థిరపడింది. 1969 నుంచి దాన్ని జాతీయ పోషకాహార సంస్థ అంటున్నాం. వచ్చిన కొత్తలోనే అక్కడి వైద్యులు ఆస్పత్రి వార్డుల్లో ఒక జబ్బును గమనించారు. రోగులు ఎక్కువగా దక్కను పీఠభూమి పల్లెల నుంచి వచ్చిన కూలీలు, భూమి లేనివాళ్ళు. ముంజేతుల మీద, పాదాల మీద, మెడ చుట్టూ, అంటే ఎండ తగిలే చోటల్లా చర్మం ముందు ఎర్రగా కంది, తర్వాత నల్లబడి, మందమై, పొలుసులుగా రాలేది. మెడ చుట్టూ ఆ నలుపు పట్టెడ పెట్టినట్టు వరుసగా ఉండేది. నాలుక ఎర్రగా పుండు పడి అన్నం ముద్ద మింగనిచ్చేది కాదు. విరేచనాలు ఆగేవి కావు. వీటికి తోడు మనసు. నిద్ర పట్టదు. దిగులు. పిలిస్తే పలకరు. కొందరికి మతి తప్పి, ఎక్కడున్నారో తెలియని స్థితి. ఆ జబ్బు పేరు పెల్లాగ్రా. హైదరాబాదు సాధారణ ఆస్పత్రుల్లో చేరేవారిలో నూటికి ఒకరు దాకా ఈ రోగులేనని, మానసిక చికిత్సాలయంలో చేరేవారిలో కొన్ని కాలాల్లో నూటికి 8 నుంచి 10 మంది వీళ్ళేనని ఆ శాస్త్రవేత్తలు రాశారు.

ఆ రెండో అంకె దగ్గర నేను ఆగిపోతాను ప్రతిసారీ. పిచ్చి పట్టిందని, గాలి సోకిందని, దర్గాకూ గుడికీ తిప్పి, చివరికి కాళ్ళూ చేతులూ కట్టి పిచ్చాస్పత్రికి తెచ్చిన మనుషుల్లో పదిమందిలో ఒకరికి ఉన్న లోపం కంచంలో ఉంది. ఆ మనిషి సోమరి కాడు, మొండి కాడు, ఏ శాపమూ తగలలేదు. అతని మెదడుకు అందవలసింది అందలేదు, అంతే.

పెల్లాగ్రా కొత్త జబ్బు కాదు. 1735లోనే స్పెయిన్‌లో గాస్పర్ కసాల్ అనే వైద్యుడు దాన్ని వర్ణించాడు. మెడ చుట్టూ వచ్చే ఆ మచ్చను ఇప్పటికీ ఆయన పేరుతో కసాల్ హారం అంటారు. యూరప్‌లో, అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో మొక్కజొన్న ఒక్కటే తిని బతికే పేదల్లో అది వేలల్లో చంపింది. అంటురోగమేమోనని అందరూ భయపడుతున్న రోజుల్లో జోసెఫ్ గోల్డ్‌బర్గర్ అనే వైద్యుడు, ఇది తిండి జబ్బేనని నిరూపించడానికి రోగుల రక్తాన్ని తన ఒంట్లోకి ఎక్కించుకున్నాడు. 1937లో కాన్రాడ్ ఎల్వేహెమ్ నయాసిన్ అనే విటమినుతో కుక్కల్లో ఇలాంటి జబ్బును నయం చేశాడు. మనుషులకూ అదే మందు పనిచేసింది. మన ఒళ్ళు నయాసిన్‌ను కొంత తానే తయారు చేసుకోగలదు. ప్రోటీన్లలో ఉండే ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లంలో దాదాపు 60 పాళ్ళు ఖర్చుపెట్టి ఒక పాలు నయాసిన్ చేసుకుంటుంది. మొక్కజొన్నలో ట్రిప్టోఫాన్ తక్కువ. ఉన్న నయాసిన్ కూడా ఒంటికి అందని రూపంలో ఉంటుంది. అందుకే ఆ జబ్బు. అక్కడికి లెక్క సరిపోయింది.

మన లెక్క సరిపోలేదు. మనవాళ్ళు తినేది మొక్కజొన్న కాదు, జొన్న. జొన్నలో ట్రిప్టోఫాన్ మరీ తక్కువేమీ కాదు, నయాసిన్ కూడా అన్నం తినేవాళ్ళకు అందేదానికంటే తీసిపోదు. మరి అన్నం తినే పేదకు రాని జబ్బు జొన్న తినే పేదకు ఎందుకొచ్చింది?

ఈ ప్రశ్న అడిగినవాళ్ళు సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతియా. గోపాలన్ సేలంలో పుట్టిన తమిళుడు. హైదరాబాదు సంస్థకు తర్వాత డైరెక్టరై, దేశం మొత్తం పోషకాహార విధానాన్ని మలచినవాడు, నూరేళ్ళు బతికి 2019లో కన్నుమూశాడు. ఈ ఇద్దరూ 1960లో లాన్సెట్‌లోనే తమ ఊహను అచ్చువేశారు. అంతకు డెబ్భై ఏళ్ళ ముందు ఇదే నగరంలోని సందేహం తీర్చుకోవడానికి మనిషిని పంపిన పత్రిక అది. జొన్నలో లేనిదాని కోసం వెతక్కండి, ఎక్కువగా ఉన్నదేమిటో చూడండి అన్నారు వాళ్ళు. జొన్న ప్రోటీనులో లూసిన్ అనే అమైనో ఆమ్లం చాలా ఎక్కువ. మొక్కజొన్నలోనూ అంతే. ఒంట్లో ట్రిప్టోఫాన్ నయాసిన్‌గా, దాని నుంచి ఎన్.ఎ.డి. అనే అణువుగా మారే దారిని ఈ లూసిన్ చెడగొడుతోందేమో అన్నది వాళ్ళ అనుమానం.

ఎన్.ఎ.డి. పేరు చాలామందికి కొత్త. పని మాత్రం ప్రతి కణంలో ప్రతి క్షణం జరిగేదే. తిన్న తిండిలోని శక్తిని మెట్టుమెట్టుగా పిండి కణం వాడుకునే రూపంలోకి చేర్చే అణువు అది. ఆ వాడుకునే రూపం పేరు ఎ.టి.పి. దాన్ని 1929లో హార్వర్డులో సైరస్ ఫిస్క్‌తో కలిసి కండరం నుంచి వెలికితీసినవాడు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. అదే సమయంలో జర్మనీలో కార్ల్ లోమన్ కూడా దాన్ని కనుగొన్నాడు. సుబ్బారావు అన్నదమ్ములిద్దరు స్ప్రూ అనే పేగు జబ్బుతో, తిన్నది ఒంటబట్టక చనిపోయారు. ఆయనకూ అదే జబ్బు వచ్చి, చావు తప్పి బయటపడ్డాడు. తిండి ఒంట్లో ఏమవుతుందన్న ప్రశ్న ఆ ఇంటిని ఎంత దగ్గరగా తాకిందో చూడండి. మన మెదడు ఒంటి బరువులో నూటికి రెండు పాళ్ళే. కానీ మనం కదలకుండా కూర్చున్నా ఒంటి శక్తిలో అయిదో వంతు అదే వాడుకుంటుంది. శక్తి తయారీ కుంటుపడితే తొందరతొందరగా మారిపోయే కణాలున్న చర్మం, పేగు ముందు దెబ్బతింటాయి. ఎక్కువ ఖర్చు చేసే మెదడూ దెబ్బతింటుంది. పెల్లాగ్రా ఈ మూడు చోట్లా కనిపించడానికి కారణం అదే.

గోపాలన్ బృందం ఊహతో ఆగలేదు. భవానీ బెలవాడి వంటివాళ్ళతో కలిసి, లూసిన్ ఇచ్చినప్పుడు మూత్రంలో ట్రిప్టోఫాన్ నుంచి పుట్టే పదార్థాలు ఎలా మారుతున్నాయో కొలిచారు. ఎర్ర రక్తకణాల్లో ఎన్.ఎ.డి. తయారీ తగ్గడం చూశారు. కుక్కలకు లూసిన్ ఎక్కువ పెట్టి, పెల్లాగ్రాకు జోడైన నల్లనాలుక జబ్బు వచ్చేట్టు చేశారు. ఐసోలూసిన్ అనే మరో అమైనో ఆమ్లం ఈ చెరుపును కొంత సరిచేస్తుందని కూడా చెప్పారు. ఆ సంస్థకు తర్వాత డైరెక్టరైన కమలా కృష్ణస్వామి, శ్రీకాంతియా తదితరులు చేసిన పని ఇంకా దగ్గరగా మెదడును తాకింది. పెల్లాగ్రా రోగుల తలకు తీగలు అతికించి ఈ.ఈ.జి. తీశారు. మామూలుగా మెలకువగా ఉన్నవాళ్ళలో కనిపించని నెమ్మది అలలు వాళ్ళ మెదడులో కనిపించాయి. నయాసిన్ ఇచ్చాక ఆ అలలు మారాయి. వార్డులో మంచం మీద గోడకేసి చూస్తూ పడుకున్న ఒక కూలీ మనిషి దిగులు, కాగితం మీద గీతగా కనిపించింది. మందు పడ్డాక అది సర్దుకుంది. ఈ దేశంలో పేదవాడి దిగులును ఇంత గౌరవంగా, ఇంత ఓపికగా కొలిచిన సందర్భాలు ఎక్కువ లేవు.

తర్వాత ఎలుకల మీద ఇంకో సంగతి చూశారు. లూసిన్ ఎక్కువైతే మెదడులో సెరటోనిన్ తగ్గుతుంది. మనసు నిలకడకు, నిద్రకు, ఆకలికి సంబంధించిన ఈ రసాయనం తయారయ్యేది కూడా ట్రిప్టోఫాన్ నుంచే. రక్తం నుంచి మెదడులోకి పోయే చోట ఒక కట్టుదిట్టమైన గోడ ఉంది. పెద్ద అమైనో ఆమ్లాలన్నీ అక్కడ ఒకే రకం ద్వారం గుండా లోపలికి వెళ్ళాలి. ఆదివారం సాయంత్రం అఫ్జల్‌గంజ్‌లో సిటీ బస్సు ఒకే తలుపు తీస్తే బలమైనవాళ్ళంతా ముందు ఎక్కేసి, చంటిపిల్లను ఎత్తుకున్న తల్లి కిందే నిలబడిపోయినట్టు, లూసిన్ గుంపు కడితే ట్రిప్టోఫాన్ బయటే మిగిలిపోతుంది. అదే కాలంలో అమెరికాలో ఫెర్న్‌స్ట్రామ్, వర్ట్‌మన్ దీని ఇంకో పార్శ్వం చూపించారు. పిండిపదార్థం తింటే ఇన్సులిన్ పెరుగుతుంది. ఇన్సులిన్ మిగతా అమైనో ఆమ్లాలను కండరాల్లోకి తోసేస్తుంది. అప్పుడు ట్రిప్టోఫాన్‌కు దారి దొరికి మెదడులో సెరటోనిన్ పెరుగుతుంది. ఒక పూట భోజనం మెదడులోని రసాయనాన్ని మార్చగలదని అలా తేలింది.

గోపాలన్ లూసిన్ సిద్ధాంతాన్ని ప్రపంచమంతా ఒప్పుకోలేదని కూడా చెప్పాలి. వేరే దేశాల ప్రయోగశాలల్లో ఎలుకలకు లూసిన్ పెట్టి చూసినప్పుడు అదే ఫలితం అన్నిసార్లూ రాలేదు. విటమిన్ బి6 కొరత కూడా తోడైతేనే లూసిన్ చెరుపు చేస్తుందేమో అన్న ఆలోచన హైదరాబాదులోనే పుట్టింది. శాస్త్రంలో ఒక ఊహ పూర్తిగా గెలవకపోవడం చిన్నతనం కాదు. వాళ్ళు పెట్టిన ప్రశ్న నిలిచింది. ఒక తిండిలో ఏం తక్కువ అని మాత్రమే అడిగే అలవాటును వాళ్ళు మార్చారు. ఏది దేన్ని తోసేస్తోంది, ఏ మార్పిడి ఎక్కడ ఆగుతోంది అని అడగడం నేర్పారు.

ఇవాళ ఆ ప్రశ్నను అడిగేవాళ్ళు మనుషుల దగ్గరే కాదు, పురుగుల దగ్గర కూడా అడుగుతున్నారు. అమెరికాలో లా హోయాలో ఉన్న స్క్రిప్స్ పరిశోధన సంస్థలో సుప్రియా శ్రీనివాసన్ బృందం సి. ఎలిగన్స్ అనే మట్టి పురుగును తీసుకుంది. మిల్లీమీటరు పొడవు, గాజులా పారదర్శకమైన ఒళ్ళు, మొత్తం 302 నరాల కణాలు. ఆ పురుగుకు కొవ్వును పట్టుకునే రంగు వేస్తే, ఒంట్లో కొవ్వు ఎంత ఉందో సూక్ష్మదర్శిని కింద కళ్ళకు కట్టినట్టు కనిపిస్తుంది. సెరటోనిన్ పెరిగితే పురుగు కొవ్వు తగ్గుతుంది. తక్కువ తింటోంది కాబట్టి కొవ్వు తగ్గుతోందని మనం అనుకుంటాం. 2008లో, స్క్రిప్స్‌కు రాకముందే, ఆమె చూపించింది అది కాదు. తిండితో సంబంధం లేకుండానే, మెదడు కొవ్వును కరిగించే ఆజ్ఞ వేరే దారిలో పంపుతోంది. 2017లో ఆ ఆజ్ఞను మోసే కబురును పట్టుకున్నారు. అది నరాల కణాల నుంచి బయలుదేరి పేగుకు చేరే ఒక చిన్న పెప్టైడు. 2024లో ఎదురుదారి కబురు కూడా దొరికింది. పేగు నుంచి ఇన్సులిన్ తరహా పెప్టైడు ఒకటి మెదడుకు వెళ్ళి, ఇక చాలు, అంత కొవ్వు కరిగించకు అని ఆ ఆజ్ఞను అదుపు చేస్తుంది. ఆజ్ఞ ఇచ్చేది ఒకరు, పాటించేది ఒకరు అన్న లెక్క ఇక్కడ కుదరదు. పేగు కూడా మెదడుకు చెప్పి చేయిస్తుంది.

మన ఒంట్లోనూ సెరటోనిన్‌లో నూటికి 90 పాళ్ళకు పైగా ఉండేది పేగులోనే. అది మెదడులోకి నేరుగా పోలేదు. కానీ పేగు గోడలోని వేగస్ నాడి కొసలను తట్టి కబురు పంపుతుంది. లారీ, బ్రంటన్ గుండె కోసం ప్రేరేపించి చూసిన నాడి అదే. ఆ నాడిలోని పోగుల్లో ఎక్కువ భాగం మెదడు నుంచి కిందికి దిగేవి కావు, పొట్ట నుంచి, గుండె నుంచి, ఊపిరితిత్తుల నుంచి మెదడుకు ఎక్కేవి. ఇప్పుడు షుగరుకూ బరువు తగ్గడానికీ వాడుతున్న సెమాగ్లూటైడ్ వంటి మందులు కూడా ఈ దారినే పట్టుకున్నాయి. తిన్న తర్వాత పేగు విడుదల చేసే జి.ఎల్.పి.-1 అనే హార్మోను రక్తంలో ఒకటి రెండు నిమిషాలకే సగం నశిస్తుంది. దాన్ని అనుకరించి, ఒంట్లో రోజుల తరబడి నిలిచేట్టు మార్చిందే ఆ మందు. క్లోమానికి ఇన్సులిన్ వదలమని చెప్పడంతో పాటు, కడుపు నిండిందని మెదడుకు చెబుతుంది.

సాయంత్రం లాల్‌దర్వాజా, గౌలిపురా సందుల్లో నడిస్తే బండ్ల మీద జొన్నరొట్టెలు చేస్తున్న ఆడవాళ్ళు కనిపిస్తారు. వేడినీళ్ళు పోసి పిసికిన పిండిని రెండు చేతుల మధ్య తడుతూ తిప్పుతూ ఉంటే అంచు చిట్లకుండా రొట్టె గుండ్రంగా సాగుతుంది. పెనం మీద వేసి పైన తడిచేత్తో నీళ్ళు రాస్తారు. కొనేవాళ్ళలో చాలామంది షుగరు ఉన్నవాళ్ళు. డాక్టరు అన్నం తగ్గించమన్నాడని వచ్చినవాళ్ళు. అరవై ఏళ్ళ కిందట ఇదే జొన్న, ఇదే నగరపు ఆస్పత్రుల్లో ఒక జబ్బుకు మూలమని రాశారు కదా అని ఎవరూ భయపడవలసిన పని లేదు. నేను జొన్న మీద నింద మోపడానికి రాలేదు. పెల్లాగ్రా వచ్చినవాళ్ళకు రొట్టెతో పప్పు లేదు, పాలు లేవు, గుడ్డు లేదు. పూటపూటా రొట్టే, దానికి తోడు మిరపకాయ కారం. పప్పు, పెరుగు, ఆకుకూర, కాస్త పల్లీ ఉంటే అదే జొన్న మంచి తిండి. లూసిన్ తక్కువగా ఉన్న జొన్న రకాలు ఉన్నాయని కూడా పోషకాహార సంస్థ వాళ్ళు గుర్తించారు.

తర్వాతి దశాబ్దాల్లో పెల్లాగ్రా మన వార్డుల్లో అరుదైపోయింది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది, జొన్న ఒక్కదాని మీదే బతికే ఇళ్ళు తగ్గాయి. ఒక చెర వదిలింది. తెల్లబియ్యం మూడు పూటలా తినే ఇళ్ళలో షుగరు వచ్చి కూర్చుంది. పాతబస్తీలో ఏ యునానీ దవాఖానాకు వెళ్ళినా, ఏ బస్తీ దవాఖానాకు వెళ్ళినా ఆ వరస కనిపిస్తుంది. షుగరు ఉన్నవాళ్ళలో దిగులు ఎక్కువని, దిగులున్నవాళ్ళకు షుగరు అదుపు కష్టమని వైద్యులందరికీ తెలుసు. అయినా ఒక గదిలో షుగరు చూస్తారు, మనసు సంగతి అడిగే గది వేరే ఊళ్ళో ఉంటుంది. రోగి ఏం తింటున్నాడో అడిగే తీరిక రెండు గదుల్లోనూ ఉండదు. ఓ.పి.లో రోజుకు వందలమందిని చూసే డాక్టరును తప్పుపట్టి లాభం లేదు. కానీ ఆ ప్రశ్న అడగడానికి ఒక మనిషిని, ఒక కుర్చీని ఏర్పాటు చేయడం ప్రభుత్వానికి పెద్ద ఖర్చు కాదు. ఆ ప్రశ్న అడిగినందువల్లే ఈ నగరంలో ఒకప్పుడు కట్టేసిన మనుషుల కట్లు విప్పగలిగారు.

పెల్లాగ్రా పూర్తిగా పోలేదు కూడా. ఎక్కువ తాగేవాళ్ళలో ఇప్పటికీ వస్తుంది. తిండి తగ్గి, తాగుడు మిగిలినప్పుడు నయాసిన్ అందదు. క్షయకు వాడే ఐసోనయాజిడ్ మాత్ర బి6 పనికి అడ్డుపడి, ఒంట్లో నయాసిన్ తయారీని తగ్గించగలదు. బి6 కొరత రాకుండా టీబీ మందుతో పాటు బి6 మాత్ర కూడా ఇస్తారు. టీబీ మాత్రను సొంతంగా మానెయ్యవద్దు, ఆ చిన్న బి6 మాత్రను కూడా పారెయ్యవద్దు. మీ ఇంట్లోనో, పక్కింట్లోనో ఎవరికైనా ఎండ తగిలే చోట చేతుల మీద, మెడ చుట్టూ చర్మం రెండు వైపులా ఒకేలా నల్లబడి పొలుసులు రాలుతూ ఉంటే, విరేచనాలు ఆగకపోతే, దానికి తోడు నిద్ర లేక మాట తడబడుతూ, మనిషి మనిషిలా లేకపోతే, ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి తీసుకువెళ్ళండి. అక్కడ ముందుగా ఆ మనిషి ఏం తింటున్నాడో, తాగుతున్నాడో లేదో, ఏ మాత్రలు వేసుకుంటున్నాడో చెప్పండి. పెల్లాగ్రా అని తేలితే మందు నయాసిన్‌కే మరో రూపమైన నికోటినమైడ్, చాలా చవక. సరైన మోతాదు పడితే నాలుక పుండు, మనసు గందరగోళం కొద్ది రోజుల్లోనే తగ్గుతాయి. చర్మం బాగుపడడానికి కొన్ని వారాలు పడుతుంది.